మిరపకోతల ముఠా రాజధానికి వెళ్లింది

మా ఊరు గుంటూరు జిల్లా అయిపోయి ప్రకాశం మొదలయ్యే చోట ఉంటుంది. జిల్లాల గీతలు ఎన్నిసార్లు చెరిపి రాసినా మా నల్లరేగడి మాత్రం పత్తికీ మిరపకీ తప్ప ఇంకెవరికీ లొంగలేదు. నా భర్త ఆ ఊరి చర్చిలో పాస్టరు. ఊళ్లో అందరూ ఆయన్ని అయ్యగారు అంటారు కాబట్టి నేను అమ్మగారినయ్యాను. ఆదివారం పిల్లలకు బైబిలు కథలు చెప్తాను. కోతల రోజుల్లో మధ్యాహ్నం అన్నాల వేళకి చేలల్లోకి వెళ్లి ఆడవాళ్ల దగ్గర కాసేపు కూర్చుంటాను. చర్చికి వచ్చేవాళ్లూ ఉంటారు, రానివాళ్లూ ఉంటారు. మిరప చేలో కూర్చున్నాక ఆ తేడా ఎవరికీ గుర్తుండదు. అందరి చేతులూ ఒకేలా మండుతుంటాయి.

మా ఊరి కోతల కూలీల ముఠాకి మేస్త్రి ఒక ఆడమనిషి. ముప్పై దాటి ఉంటుంది. చీర మీద మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కా, ముక్కుకి తువ్వాలు, తలకి ఇంకో తువ్వాలు. ఎవరి చేలోకి ముందు వెళ్లాలో, ఎవరి చేలోకి అసలు వెళ్లకూడదో తేల్చేది ఆమే. పొద్దున్నే ఆటో దగ్గర ఆమె కేక వేసిందంటే మా ఇంటి వరండాలోకి వినిపించేది. భర్త బెంగుళూరులో సెంట్రింగ్ పనిలో ఉంటాడు. ఇద్దరు పిల్లలు.

ఆ రోజు చేనంతా ఎర్రగా పండి ఉంది. అన్నాలు తిన్నాక ఆమె నన్ను గట్టు మీదకి తీసుకెళ్లింది.

"అమ్మగారూ, నాకు నెల తప్పిందండి" అంది.

నేను నవ్వి, దేవుడిచ్చాడు అనబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఆ మాట అనమాకండి. ముందు నేను చెప్పేది ఇనండి. రెండో కాన్పులో నెత్తురు ఆగక నేను పోయి వచ్చాను. మీకూ తెలుసు. పిల్లకి మా అక్క పాలిచ్చింది. ఆ తర్వాత లూపు ఏయించుకున్నాను. అది ఉండగానే ఇది వచ్చింది. ఇప్పుడు నాకొద్దు."

"భయంగా ఉందా?"

"భయమూ ఉంది. భయం లేకపోయినా వద్దనే చెప్తాను. నాకు నా ఇద్దరు చాలు. నా ఒళ్లు నాకు కావాలి."

అంత స్పష్టంగా తన గురించి తాను మాట్లాడే మనిషిని నేను అంతవరకూ చూడలేదు. ప్రార్థన చేయమని నన్ను అడిగేవాళ్లే ఎక్కువ. ఈమె నన్ను అడిగింది ఒకటే, ఆస్పత్రికి తోడు రమ్మని.

మేం గట్టు దిగుతుంటే ముఠాలో అందరికంటే పెద్దావిడ ఎదురొచ్చింది. వరసకి అందరూ ఆమెను పెద్దమ్మ అంటారు. ఎక్కువ మాట్లాడదు. కోతలో మాత్రం కుర్రవాళ్లు కూడా ఆమె సాలుని అందుకోలేరు. మా మొహాలు చూసి విషయం పోల్చుకుందో ఏమో, మేస్త్రి భుజం పట్టుకుని, "యాడికైనా పో గానీ, ఆర్ఎంపీల దగ్గరికి మాత్రం పోమాకమ్మా" అని, మళ్లీ చేలోకి వెళ్లిపోయింది.

సాయంత్రం ఈ సంగతి మా ఆయనకి చెప్పాను. ఆయన వరండాలో పచార్లు చేశారు. చివరికి, "నీకేమనిపిస్తోంది?" అన్నారు.

"నాకేమీ తెలియడం లేదు. ఆమెకి మాత్రం తెలుసు. నాకు తెలిసింది అంతే" అన్నాను.

"అయితే తోడు వెళ్లు. ఒంటరిగా పంపొద్దు. మిగతాది నేను మోకాళ్ల మీద దేవుణ్ని అడుగుతాను."

అడిగితే ఏం జవాబొచ్చిందో ఆయన నాతో ఎన్నడూ అనలేదు. నేనూ అడగలేదు. కానీ మర్నాడు పొద్దున్నే ఆయనే మా ఇద్దరికీ టీ పెట్టి ఇచ్చి, బండి మీద బస్టాపు దాకా దిగబెట్టారు.

దగ్గర్లోని ప్రభుత్వాస్పత్రికి వెళ్లాం. నర్సు మా మాట సగం విని, "మొగుడేడి?" అంది.

"బెంగుళూరులో ఉన్నాడండి."

"ఆయనొచ్చి సంతకం పెట్టాలి."

"ఫోన్ చేస్తాను, మాట్లాడండి మేడం. ఆయన సరేనన్నాడు. నీకెట్టా మంచిదనిపిస్తే అట్టా చెయ్యమన్నాడు."

"ఫోన్లు పనికిరావు. అయినా పెళ్లయినదానివేగా, కంటే ఏం పోయింది?"

ఆ మాట అందరికీ వినబడేలా అంది. బల్లల మీద కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. మేస్త్రి మొహం కందిపోయింది గానీ తల దించలేదు. లోపలి నుంచి వచ్చిన డాక్టరు కూడా, అలాంటివి ఇక్కడ చెయ్యం, గుంటూరు వెళ్లండి అని చెప్పి వెళ్లిపోయాడు. బయట మందుల షాపులో గర్భం తీసే బిళ్లలు అడిగితే, "ఆ బిళ్లలు మేం పెట్టడం లేదమ్మా. తనిఖీలొస్తే ఎవరు పడతారు?" అన్నాడు షాపతను. మందులు కొనడానికి వచ్చిన ఒకాయన మా వెనకే బయటికి వచ్చి, గొంతు తగ్గించి, ఫలానా వీధిలో ఒక ఆర్ఎంపీ ఉన్నాడు, ఇంట్లోనే పని అయిపోతుంది, మూడోకంటికి తెలియదు అన్నాడు.

"నేనేం దొంగతనం చెయ్యట్లేదు. ఎవరికీ తెలియకుండా ఎందుకు చేయించుకోవాలి?" అంది మేస్త్రి. ఆయన గబగబా వెళ్లిపోయాడు.

ఆ వారమే గుంటూరు వెళ్లాం. అక్కడి ఆస్పత్రిలో డాక్టరమ్మ చాలా చిన్నది. చదువు పూర్తయి ఎక్కువ కాలం అయినట్టు లేదు. ముందు స్కానింగ్ చేయించింది. తర్వాత ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఎందుకు వద్దనుకుంటున్నారు?" అని అడిగింది.

మేస్త్రి నిటారుగా కూర్చుంది. మళ్లీ గొడవ మొదలైందనుకుంది. "నాకొద్దండి" అంది.

"సరేనమ్మా. కారణం రాయాలి కాబట్టి అడిగాను. లూపు ఉండగా వచ్చింది కదా, చట్టానికి ఆ కారణం చాలు."

"మా ఆయన సంతకం?"

"మీరు మేజరేగా? మీ సంతకం ఒక్కటే కావాలి."

"నాదొక్కటేనా?"

"మీదొక్కటే. ఈ సంగతి మేం ఎవరికీ చెప్పం కూడా."

ఆమె కాగితం దగ్గరకు లాక్కుని, ఏడో తరగతి దాకా చదివిన చేతిరాతతో గుండ్రంగా పేరు రాసింది. పెళ్లి రిజిస్టరులో సంతకం పెట్టేటప్పుడు వణికే చేతుల్ని నేను చర్చిలో ఎన్నింటినో చూశాను. ఈ చెయ్యి వణకలేదు. మిరపకాయ ఘాటుకి చర్మం పగిలి, గోళ్ల చివర్లు నల్లబడిన ఆ చేతిని చూస్తుంటే, చర్చిలో అందరూ కలిసి పాట అందుకున్నప్పుడు కలిగే పులకింత లాంటిదేదో నా ఒంట్లో జరిగింది. అదేమిటో అక్కడ ఎవరికీ చెప్పలేక కిటికీ వైపు తిరిగాను.

అంతా సవ్యంగా జరిగిపోయింది. నొప్పి ఉంది, నీరసం ఉంది. డాక్టరమ్మ వచ్చి చూసి, ఎలా ఉండాలో, ఏం కనబడితే వెంటనే రావాలో విడమరిచి చెప్పింది. ఇంటికి వెళ్లొచ్చు అన్నాక మేస్త్రి మొట్టమొదట అన్న మాట, "ఆకలేస్తందండి." ఆస్పత్రి ఎదుటి హోటల్లో ఇడ్లీ తింటుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. బాధా అని అడిగాను. కాదు, చట్నీ కారంగా ఉందంది. మిరపకోతల మేస్త్రికి చట్నీ కారమైందంటే నేనెలా నమ్ముతాను? ఇద్దరం నవ్వుకున్నాం.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. చిలకలూరిపేట దాటాక నా వైపు తిరిగింది.

"చట్టం ఉంది. డాక్టరమ్మ ఉంది. మందూ ఉంది. అన్నీ ఉన్నాయి గదండి?"

"ఉన్నాయి."

"మరి మనకెందుకు ఇంత దూరమైంది? నాకు మీరు తోడొచ్చారు. తోడు లేనోళ్లు ఏం చేస్తారు?"

 ఆమె నన్ను ఒక్కదాన్నే అడిగినట్టు లేదు.

కోతలు అయిపోయి కాయ కల్లాల్లో ఎండుతున్న రోజులవి. పరదాల మీద ఎర్రగా పరిచిన కాయల చుట్టూ కూర్చుని ఆడవాళ్లు రంగు పోయిన తాలుకాయ ఏరుతున్నారు. ఆ మధ్యాహ్నం నేనూ ఉన్నాను. మేస్త్రి ఉన్నట్టుండి, పెద్దగా గొంతేమీ పెంచకుండా, తన సంగతి మొత్తం చెప్పేసింది. గుంటూరులో డాక్టరమ్మ ఎవరికీ చెప్పం అన్నది. ఈమె తనంతట తానే చెప్పింది. నేను గబుక్కున దారి వైపు చూశాను. ఊరు కదా, ఏ మాట ఎటు పోతుందో ఎవరికి తెలుసు?

 తర్వాత ఒకామె, తలెత్తకుండానే, తనకు పెళ్లయిన కొత్తలో జరిగింది చెప్పింది. ఆమె పక్కనామె, ఎవరో ఇచ్చిన కషాయం తాగి నెలల తరబడి మంచాన పడ్డ సంగతి చెప్పింది. మరొకామె భర్త సంతకం కోసం తిరిగి తిరిగి, నెలలు మీరిపోయి, ఇష్టం లేకుండానే కన్నానంది. "ఇప్పుడు వాడంటే నాకు ప్రాణం. అది వేరే. ఆ రోజు నన్నెవరూ మనిషిలా చూడలా. అది వేరే" అంది. ఎన్నేళ్లుగానో వీళ్ల మధ్య కూర్చుంటున్నాను. వీళ్లలో ఇన్ని మాటలు ఉన్నాయని నాకు తెలియనే తెలియదు. పెద్దమ్మ ఒక్కతే ఏమీ అనకుండా కాయలు ఏరుతూ ఉంది.

"పైవోళ్లకి చెబుదాం" అంది మేస్త్రి.

మా జిల్లా బాధ్యత చూసే మంత్రిగారు సచివాలయంలో ప్రజల దగ్గర అర్జీలు తీసుకుంటున్నారని తెలిసింది. అర్జీ నన్ను రాయమన్నారు. రాశాను. ఈ కబురు తెలిసి చర్చి పెద్ద ఒకాయన మా ఇంటికి వచ్చారు. "పాస్టరమ్మగారే ఇలాంటి పనికి బయల్దేరితే చర్చి పేరేం కాను అయ్యగారూ?" అన్నారు. ఆయన చెడ్డవాడేమీ కాదు, నిజంగానే బాధపడ్డారు.

మా ఆయన పెద్దాయనకి కుర్చీ వేసి, "చర్చి పేరు మీద ఎవరూ వెళ్లడం లేదండి. మిరపకోతల ముఠా వెళ్తోంది. మా ఆవిడ వాళ్ల పక్కన కూర్చునే మనిషి. అక్కడికి వెళ్లేటప్పుడు మాత్రం వాళ్లని వదిలేయమంటే ఎలా?" అన్నారు. పెద్దాయన టీ తాగి వెళ్లిపోయారు. ఒప్పుకోలేదు. కానీ ఆదివారం ఆరాధనకి వచ్చి ఎప్పటిలాగే ముందు వరసలో కూర్చున్నారు.

ఒక వ్యాను మాట్లాడుకుని తెల్లవారుతూనే బయల్దేరాం. అందరూ పెళ్లికి వెళ్తున్నట్టు చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చారు. పెదకాకాని దగ్గర కొందరు కిటికీలోంచి గుడి వైపు దణ్ణం పెట్టుకున్నారు. రాజధాని కడుతున్న తుళ్లూరు చేరేసరికి అందరూ కిటికీల వైపు జరిగారు. పెద్ద పెద్ద రోడ్లు, ఆకాశాన్ని అంటుతున్న క్రేన్లు, సగం లేచిన భవనాలు. పెద్దమ్మ కిటికీకి మొహం ఆనించి చూస్తోంది.

"నా పెళ్లి కాకముందు ఇక్కడ పత్తి తీశాను" అంది. "ఇదంతా చేనే. ఇప్పుడు ఇక్కడ గవర్నమెంటు మొలిచింది."

అందరూ ఘొల్లుమని నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ చేలో పత్తి తీసిన పిల్ల ముసలిదై, అక్కడే మొలిచిన ప్రభుత్వాన్ని అడగడానికి వస్తోంది.

సచివాలయంలో తనిఖీలు అయ్యాక పెద్ద హాల్లో కూర్చోబెట్టారు. జనం చాలామంది ఉన్నారు. మంత్రిగారు ఒక్కొక్కరి కాగితమూ చూసి, పక్కనున్న అధికారికి ఇస్తున్నారు. మా వంతు వచ్చింది. ఆయన అర్జీ చదివారు. మర్యాదగానే మాట్లాడారు.

"ఇది చట్టంలో ఉన్నదేగా అమ్మా. అధికారులకి చెప్తాను" అని కాగితం పక్కకి అందించారు. వెనకున్నవాళ్లు ముందుకు జరిగారు.

మేస్త్రి కదల్లేదు.

"చట్టంలో ఉందని మాకూ తెలుసండి. మా ఆస్పత్రిలో లేదు. అది అడగడానికే వచ్చాం. నా కడుపు గురించి నేను చెప్తే మా ఆయన్ని తెమ్మన్నారు. నేను ఓటేసేటప్పుడు మా ఆయన సంతకం అడిగారా అండి?"

ముందుకు జరుగుతున్నవాళ్లు ఆగిపోయారు. ఆ గొంతు పొద్దున్నే ఆటో దగ్గర వినబడేదే. అంత పెద్ద గదిని అది అవలీలగా నింపేసింది. మంత్రిగారు అధికారికి ఇచ్చిన కాగితాన్ని మళ్లీ వెనక్కి తీసుకున్నారు.

అప్పుడు పెద్దమ్మ లేచింది. ఆమె మాట్లాడుతుందని మాలో ఎవరూ అనుకోలేదు. తోడుకి వస్తానంటే తీసుకొచ్చాం.

"నాయనా, నేనూ ఒక మాట చెప్తా" అంది. "నాకొక కూతురుండేది. జరమొచ్చి పోయిందని ఊరంతా చెప్పాను. జరం కాదు. ఇద్దరు పిల్లలయ్యాక ఇంకొద్దనుకుంది. ఆస్పత్రికి పోతే మొగుణ్ని తీసుకురా అన్నారు. ఆడు తాగుబోతు, రానన్నాడు. ఎవడో ఆర్ఎంపీ ఇంట్లో చేస్తానంటే పోయింది. వారం తిరక్కుండా నా ఒళ్లోనే పోయింది. దాని పేరు చెడుతుందని ఇన్నేళ్లూ నేను జరమనే చెప్పాను. సిగ్గుపడాల్సింది నా బిడ్డ కాదు. ఆ సంగతి మొన్న కల్లాంలో ఈళ్ల మాటలు ఇన్నాక నాకు తెలిసొచ్చింది."

ఆమె ఏడవలేదు. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, సాలు కోస్తున్నప్పుడు ఎంత నిబ్బరంగా ఉంటుందో అంతే నిబ్బరంగా నిలబడి ఉంది. మా వెనక వరసలో కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడ్డారు. వాళ్లు వేరే ఊళ్లవాళ్లు, వేరే పనుల మీద వచ్చినవాళ్లు. ఎవరూ లెమ్మనలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే లేచారు. నేను ఎన్నో ప్రార్థన కూటాలు చూశాను. మనుషులు అలా ఒక్క మనసుతో నిలబడడం ఇంకెక్కడా చూడలేదు.

మంత్రిగారు కూడా కుర్చీలోంచి లేచారు. "మీకేం కావాలమ్మా?" అని పెద్దమ్మని అడిగారు.

"నాకేం కావాలి నాయనా, నాది పోయింది. ఈళ్లకి కావాలి. ఈ పిల్ల చెప్తది, ఇను."

మేస్త్రి చెప్పింది. మా ఆస్పత్రిలో డాక్టరమ్మ ఉండాలి, మందులు ఉండాలి, వచ్చినామెను పదిమందిలో అవమానించకూడదు, మొగుణ్ని తెమ్మనకూడదు. "మీరు దయతలిచి ఇస్తే ఇంకొకరొచ్చి తీసేస్తారండి. మేం దయ అడగట్లేదు. మనిషిగా పుట్టినందుకు ఇది మా హక్కు. దాన్ని కాపాడే పని మీది."

మంత్రిగారు అక్కడి నుంచే ఎవరికో ఫోన్ చేయించారు. పెద్దమ్మకి రెండు చేతులూ జోడించారు. అందులో ఎంత మొక్కుబడో ఎంత నిజమో నాకు తెలియదు. మా అర్జీని మాత్రం ఈసారి అధికారికి ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకున్నారు.

తిరుగు ప్రయాణంలో పెద్దమ్మ కృష్ణా నదిని చూస్తానంది. పాత అమరావతి ఊరి వైపు తిప్పి, రేవు దగ్గర ఆపాం. ఆమె మెట్లు దిగి, నీళ్లతో మొహం కడుక్కుని, నది వైపు తిరిగి తన కూతురి పేరు గట్టిగా పిలిచింది. ఎవరినో దూరం నుంచి అన్నానికి పిలుస్తున్నట్టు పిలిచింది. మేమంతా పై మెట్ల మీద నిలబడిపోయాం. ఆ పేరు నేనిక్కడ రాయను. అది ఆమెది.

కొన్ని వారాలకి మా ఆస్పత్రికి వారంలో కొన్ని రోజులు ఒక డాక్టరమ్మ రావడం మొదలైంది. భర్త సంతకం అడగొద్దని పైనుంచి చెప్పారట. అదే నర్సు ఇప్పుడు వచ్చినవాళ్లని లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసి మాట్లాడుతోందని విన్నాను. మందుల షాపులో మాత్రం ఇప్పటికీ ఆ బిళ్లలు పెట్టరు. పెద్దమ్మ కూతురి గురించి ఊళ్లో కొందరు చెవులు కొరుక్కున్నారు. ఆమె వాళ్ల ఎదురుగానే నడిచి వెళ్లేది. కొన్నాళ్లకి ఆ గుసగుసలే ఆగిపోయాయి.

వానలు పడి మళ్లీ పత్తి తీతలు మొదలయ్యే వేళకి ఆ డాక్టరమ్మని వేరే చోటికి మార్చారు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడేం చెయ్యాలా, మళ్లీ ఎవరికి రాయాలా అని ఆలోచిస్తూ మేస్త్రి ఇంటికి వెళ్లాను. ఆమె అప్పుడే వచ్చినట్టుంది, కాళ్లు కడుక్కుంటోంది.

"మొన్ననే గుంటూరు పోయొచ్చాం అమ్మగారూ, జిల్లా ఆఫీసుకి" అంది తాపీగా. "ముఠా అంతా పోయాం. పై వారం నుంచి ఇంకో డాక్టరమ్మని పంపుతామన్నారు. పంపకపోతే మళ్లీ పోతాం."

"నాకు ఒక్క మాట చెప్పలేదేమిటమ్మా?"

"మీకు పిల్లల క్లాసులున్నాయి గదండి, ఎందుకు ఇబ్బంది పెట్టడమని చెప్పలా" అంది. చెంబులో మిగిలిన నీళ్లు తులసి మొక్క పక్కనున్న మిరప మొక్కకి పోస్తూ, "మాకు దారి తెలిసిందిగా" అంది.